పరుపుల మామయ్య దబ్బనం

మా వీధిలో అందరూ ఆయన్ని పరుపుల మామయ్య అంటారు. ఆయనకంటే పెద్దవాళ్ళు కూడా అలాగే అంటారు. ఆయన మాత్రం నన్ను అక్కయ్యా అని పిలుస్తాడు, నేనేమో వీధితోపాటు మామయ్య అంటాను. వరసలు కలపడం మా ఇద్దరివల్లా కాలేదు. ఇన్నేళ్ళయ్యాక ఇంక ప్రయత్నించడం కూడా మానేశాం.

కింద ఆయన కొట్టు, పైన నేను అద్దెకుండే గదులు. నా చదువుబల్ల కిటికీ పక్కన ఉంటుంది. దాని కిందే ఆయన పనిచేసే వసారా. నేను చదివిన పుస్తకాలన్నిటి వెనకా దూది ఏకే యంత్రం రొద ఉంది. అది ఆగిందంటే వాక్యం మధ్యలో నేనూ ఆగిపోయి కిందికి తొంగి చూస్తాను. అలా చూసీ చూసీ ఆయన పని నాకు కొంత పట్టుబడింది. గడ్డకట్టిన పాత పరుపును విప్పి, దూదిని యంత్రంలో వేసి విడదీసి, ఎండ తగిలించి, కొత్త చారల గుడ్డలో కూరి కుట్టి ఇస్తాడు. చెప్పడానికి ఇంతే. దూది కూరేటప్పుడు మాత్రం కళ్ళు మూసుకుంటాడు. అరచేతులకే కళ్ళున్నట్టు ఎక్కడ పల్చగా ఉందో అక్కడికే వెళతాయి అవి.

ఆయనకు కొన్ని పట్టింపులున్నాయి. ఇంటివాళ్ళెవరైనా ఎదురుగా కూర్చుంటే తప్ప పాత పరుపు కుట్టు విప్పడు. "మీ పరుపులో ఏముందో మీకంటే ముందు నాకెందుకు తెలియాలి?" అంటాడు. ఉంగరం దొరికినా, ఎండిపోయిన పూలదండ దొరికినా, ఎవరో ఎవరికో రాసి దాచుకున్న చీటీ దొరికినా దానివంక చూడకుండా వాళ్ళవైపు తోసేస్తాడు. అలాగే జనం పడుకునే పరుపుమీద తను కూర్చోడు, పడుకోడు. కుట్టడం పూర్తయ్యాక ఎలా ఉందో చూడ్డానికి కూడా చేత్తో తట్టడమే. ఇంట్లో ఆయన పక్క ఒక చెక్కబల్ల, దానిమీద మడతపెట్టిన దుప్పటి.

"ఊరందరి నడుముల సంగతీ ఈయనకు కావాలి వదినా, నా నడుముకి మాత్రం చెక్క" అంటుంది అత్తయ్య. అత్తయ్య అంటే ఆయన భార్య.

అన్నిటికంటే పెద్ద పట్టింపు దబ్బనాల విషయంలో. పరుపు మధ్యలో దూది జారిపోకుండా పైనుంచి కిందికి గుచ్చి ముడివేసే పొడుగాటి సూదులు అవి. కొట్టు గోడకు మందపాటి ఎర్రగుడ్డ ఒకటి బిగించి, వాటిని చిన్నదాని పక్కన పెద్దదిగా వరసగా గుచ్చి ఉంచుతాడు. ఒక్కొక్క దబ్బనం ఏళ్ళ తరబడి ఒకేచోట ఉండి గుడ్డమీద తన నీడలాంటి మరక వేసుకుంది. ఏది తీసినా ఖాళీ తెలిసిపోతుంది. సాయంత్రం షట్టరు దించేముందు ఆ గుడ్డవంక ఒకసారి చూస్తాడు. అన్నీ ఉంటేనే షట్టరు దిగుతుంది. ఒకసారి చిన్న దబ్బనం కనపడకపోతే దూది గుట్టంతా చేతులతో తిరగేశాడు. అత్తయ్య భోజనానికి పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకుంది.

"నేలమీద పడిన సూది చప్పుడు చేస్తుంది అక్కయ్యా. దూదిలో పడింది చెయ్యదు. ఎవరైనా పడుకున్నాకే చెబుతుంది" అన్నాడు నాతో.

అటువంటి మనిషికి ఆ రోజు జరిగింది చెప్పాలంటే ముందు బామ్మ గురించి చెప్పాలి.

బామ్మకు ఇరవై ఆరో ఇరవై ఏడో ఉంటాయి. ఎక్కడో చలిదేశపు పిల్ల. వాళ్ళ ఊళ్ళో పక్కవాటాలో ఒక తెలుగు పెద్దావిడ ఒంటరిగా ఉండేదట. ఆవిడ మంచాన పడ్డాక చివరి సంవత్సరాల్లో స్నానం, తిండి, మందులు అన్నీ ఈ పిల్లే చూసుకుంది. పెద్దావిడకు మాట్లాడ్డానికి వేరే ఎవరూ లేరు. పొద్దున్న లేచింది మొదలు తెలుగులోనే మాట్లాడుతూ ఉండేది, ఈ పిల్ల వింటూ ఉండేది. ఆవిడ పోయాక ఆ మాటలు పుట్టిన చోటు, ఇక్కడి సంస్కృతి, అన్నీ కళ్ళారా చూడాలని వీపున సంచీ తగిలించుకుని వచ్చింది.

అందువల్ల ఆ పిల్ల తెలుగు చక్కటి తెలుగే, కానీ ఎనభై ఏళ్ళ తెలుగు. మొదటిరోజు కొట్టు ముందు నిలబడి, అరవై దాటిన మామయ్యను ఎగాదిగా చూసి, "ఏం నాయనా, పొద్దుటినుంచీ చూస్తున్నా, ఒకటే పని. కాస్త నడుం వాల్చరాదూ, ఒళ్ళేమన్నా ఇనుమా?" అంది. మామయ్య చేతిలో గుడ్డ తాను జారిపోయింది. సాయంత్రానికి వీధంతా ఆ పిల్లకు బామ్మ అని పేరు పెట్టేసింది. ఆ పిల్ల అదేదో గౌరవం అనుకుంది. నిజానికి గౌరవమే.

నవ్వేవాళ్ళు లేకపోలేదు. మామయ్య బావమరిది, అంటే అత్తయ్య తమ్ముడు, ట్రాలీబండి నడుపుతాడు. "చెప్పేద్దాం బావా, ఆ మాటలు ఆ వయసువాళ్ళవి కావని" అన్నాడు.

"చెప్పావంటే నీ బండికి సీటు కుట్టను. ఒక పెద్దావిడ మాట ఆ పిల్ల నోట్లో బతికుంది. మనం దిద్ది ఏం బావుకుంటాం?" అన్నాడు మామయ్య.

బామ్మ దగ్గర చూడాల్సిన కట్టడాల పుస్తకం ఒకటుండేది. పొద్దున్నే వెళ్ళి, మొహం ఎర్రగా కమిలించుకుని సాయంత్రం కొట్టు మెట్లమీద కూలబడేది.

"ఏం చూశావు బామ్మా ఇవాళ?" అనేవాడు మామయ్య.

"గోడలు నాయనా. చాలా ఎత్తు."

"మరి సంస్కృతి?"

"లోపలుందట. తలుపులు వేసేశారు."

నాలుగైదు రోజులు ఇలా అయ్యాక మామయ్యకు జాలేసింది. "పరుపుల్లో నీ సంస్కృతి ఉంటుందో లేదో నాకు తెలీదు. దూదైతే ఉంటుంది. కూర్చోడానికి నీడుంది. ఇళ్ళకి పరుపులు వేయడానికి వెళతాను, నువ్వూ రా" అన్నాడు. ఆ పుస్తకం నాకిచ్చేసింది, ఆ రోజునుంచి అది నా బల్లమీద ఉండిపోయింది. అందులో బొమ్మలు నేనే చూశాను.

బామ్మ కొట్లో కూర్చునేది, మామయ్యతోపాటు ఇళ్ళకు వెళ్ళేది. ఏ ఇంట్లో మంచం కిటికీవైపుంటుంది, ఎవరు దిండు కింద చెయ్యిపెట్టుకుని పడుకుంటారు, ఏ పిల్లలు గోడమీద పెన్సిలుతో ఎత్తు గీసుకున్నారు, ఇవన్నీ వచ్చి నాకు చెప్పేది. పడకగది దాకా ఏ యాత్రికురాలినీ ఎవరూ రానివ్వరు. మామయ్యతో వస్తే రానిస్తారు.

ఆ రోజు మూడు పరుపులు ఇవ్వాలి. ఒకటి లాయరుగారిది, ఒకటి రిటైరైన స్టేషను మాస్టారిది, ఒకటి మా వెనక వీధి నర్సమ్మగారిది. నర్సమ్మగారు ఆస్పత్రిలో పనిచేసి మానేసిన మనిషి. వాళ్ళమ్మాయి ప్రసవించింది. తల్లినీ పిల్లనూ ఆ సాయంత్రమే ఇంటికి తెస్తున్నారు. వాళ్ళకోసం నీలం చారల గుడ్డతో కొత్త పరుపు.

మధ్య కుట్లు వేస్తుంటే బామ్మ అడిగింది. "ఒక్క ముడి నన్ను వెయ్యనీ నాయనా. మా పెద్దావిడ దుప్పట్లు నేనే కుట్టేదాన్ని."

మామయ్య ఆ పిల్ల చేతులవంక చూశాడు. గోడ దగ్గరకు వెళ్ళి ఎర్రగుడ్డలోంచి ఒక దబ్బనం తీసి ఇచ్చాడు. నేను కిటికీలోంచి చూశాను. అది ఎంత పెద్ద సంగతో తెలియాలంటే అప్పుడు బావమరిది మొహం చూడాలి.

"ఇన్నేళ్ళనుంచి నీకు బావమరిదినై ఉండి నాకా గుడ్డ దగ్గరికి వెళ్ళే యోగం పట్టలేదు. బామ్మకి ఇట్టే పట్టింది" అన్నాడు.

"నీ చేతికిస్తే పళ్ళు కుట్టుకుంటావు" అన్నాడు మామయ్య.

బామ్మ బాగానే కుట్టింది. మూడు పరుపులమీదా అటు కొన్ని, ఇటు కొన్ని ముడులు వేసింది. మామయ్యకు ఉత్సాహం వచ్చింది. ఎప్పుడూ లేనిది కబుర్లు చెప్పాడు, ముడి ఎలా లాగి బిగించాలో చూపించాడు, తన గురువు తనను ఎలా తిట్టేవాడో అభినయించాడు. ఇంతలో వీధిలో లారీ ఒకటి వచ్చి ట్రాలీబండి వెనక నిలబడి హారన్ మొదలుపెట్టింది. హడావుడిగా అంచులు కుట్టి మూడు పరుపులూ బండెక్కించి వెళ్ళిపోయారు. బండెక్కించేముందు కూడా ఎర్రగుడ్డవంక చూడ్డం ఆయన అలవాటు. ఆ రోజు చూడలేదు.

ఎండ ఎదురింటి గోడమీదకి ఎక్కిన వేళకు తిరిగి వచ్చారు. నేను చదువుకుంటున్నాను. షట్టరు చప్పుడు రావాల్సిన వేళ అయింది, రాలేదు. కిందికి దిగాను. మామయ్య గోడ ముందు నిలబడి ఉన్నాడు.

"అక్కయ్యా, ఇక్కడ ఖాళీగా ఉందా, నా కళ్ళకే అట్లా ఉందా?"

ఖాళీగానే ఉంది. నీడ ఉంది, దబ్బనం లేదు.

అందరం వెతికాం. దూది గుట్ట తిరగేశాం, యంత్రం జరిపాం, చాపలు దులిపాం. బామ్మ తన సంచీ నేలమీద గుమ్మరించింది. బట్టలు, దువ్వెన, పెద్దావిడ ఫోటో, అంతే. ఆ పిల్ల పెదవులు తెల్లబడ్డాయి.

"ఎక్కడ పెట్టానో గుర్తు రావట్లేదు నాయనా. చేతిలోనే ఉంది. తరవాత లేదు."

మామయ్య ఆ పిల్లను ఒక్కమాట అనలేదు. "ఇచ్చింది నేను. చూడకుండా బండెక్కించింది నేను" అని చెప్పులు వేసుకున్నాడు. "ముందు నర్సమ్మగారింటికి. పసిదాన్ని పడుకోబెట్టకముందే."

బావమరిది బండి తీశాడు. ముందు వాళ్ళిద్దరూ, వెనక చెక్కలమీద అత్తయ్య, బామ్మ, నేను. నేనెందుకు ఎక్కానో నాకే తెలియదు. బామ్మ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

నర్సమ్మగారిల్లు తాళం వేసి ఉంది. పరుపు వేయించుకుని, తాళం పెట్టుకుని, ఇంటిల్లిపాదీ ఆస్పత్రికి వెళ్ళారట. పక్కింటాయన ఫోను చేశాడు. ఫోను ఆ తాళం వేసిన ఇంట్లోనే ఎక్కడో మోగింది. మోగి మోగి ఆగిపోయింది. కిటికీ సందులోంచి చూస్తే మంచంమీద నీలం చారల పరుపు, దానిమీద పొద్దున్నే ఇస్త్రీ చేసినట్టున్న చిన్న బొంత కనిపించాయి.

"తాళం పగలగొడదామా?" అన్నాడు బావమరిది.

"పసిపిల్లతో వచ్చేవాళ్ళకి పగిలిన తాళం చూపిస్తామా? ఏమైందోనని అక్కడే పడిపోతుంది ఆ బాలింత" అంది అత్తయ్య. "మీరు తక్కిన రెండూ చూసుకు రండి. నేనీ గుమ్మంలో కూర్చుంటాను. నన్ను దాటి ఎవరూ పరుపు దగ్గరికి పోరు." కొంగు దోపుకుని మెట్టుమీద కూర్చుంది.

బండి కదిలాక బావమరిది గొంతు తగ్గించాడు. "బావా, దబ్బనం సంగతి ఎందుకు, కుట్టు వదులైందని చెబుదాం. ఊళ్ళో పేరు పోతుంది."

"కుట్టు వదులైందంటే రేపు చూద్దాంలే అంటారు. సూది అంటేనే లేస్తారు" అన్నాడు మామయ్య. కాసేపు రోడ్డు చూసి, "ఆ పసిదానికి ఏమన్నా అయితే ఆ ఎర్రగుడ్డ గోడమీదనుంచి పీకేస్తాను. ఇంక ఈ పని ముట్టుకోను" అన్నాడు. చెప్పినట్టుగా చేసే మనిషి. 

లాయరుగారు తలుపు తీసి మాట పూర్తిగా వినకముందే కోర్టులో ఉన్నట్టు అయిపోయారు.

"సూదా? నా పరుపులోనా? నీమీద కేసు వెయ్యాలా వద్దా, నువ్వే చెప్పు."

"వెయ్యండి బాబూ. ముందు పరుపు చూడనివ్వండి."

"ఇంకెప్పుడూ నీ చేత కుట్టిస్తే నన్నడుగు. నిర్లక్ష్యం. పరమ నిర్లక్ష్యం."

బామ్మ మామయ్య వెనకనుంచి ముందుకు వచ్చింది. "ఎందుకు నాయనా అంత ఆవేశం? మొహం చూడు ఎట్లా కందిపోయిందో. గుండెకి మంచిది కాదు. ఇట్లా కూర్చుని కాసిని మంచినీళ్ళు తాగు, నా బాబువి కదూ" అంది.

లాయరుగారు కూర్చున్నారు. ఎందుకు కూర్చున్నారో ఆయనకే అర్థమైనట్టు లేదు. లోపలనుంచి వాళ్ళావిడ నవ్వు ఆపుకునే చప్పుడు వినిపించింది.

పరుపు ఎత్తితే కింద మంచం చెక్కమీద సగం తిన్న బిస్కెట్ పొట్లం ఉంది. మధ్యాహ్నం వేసిన పరుపు కిందికి అప్పుడే చేరిపోయింది. లాయరుగారికి చక్కెర జబ్బని వీధంతటికీ తెలుసు. వాళ్ళావిడ మంచినీళ్ళతో గదిలోకి వచ్చేలోపు మామయ్య దుప్పటి కొసతో దాన్ని కప్పేశాడు. లాయరుగారు అది చూశారు. ఆ తరవాత ఆయన గొంతు ఇంటిగొంతు అయింది.

మామయ్య అంచు కొద్దిగా విప్పి చెయ్యి భుజందాకా లోపలికి పోనిచ్చాడు. కళ్ళు మూసుకుని అంగుళం అంగుళం తడిమాడు. తిప్పి వేసి మళ్ళీ తడిమాడు.

"ఉందా?" అన్నారు లాయరుగారు.

"లేదు బాబూ."

"మంచిదేగా? మొహం అట్లా పెట్టావేం?"

"మీకు మంచిదే బాబూ" అన్నాడు మామయ్య, కుట్టు వేస్తూ.

స్టేషను మాస్టారు పరుపుమీదే ఉన్నారు. లేవనన్నారు.

"బండి వెళ్ళిపోయాక ఎర్రజెండా ఊపుతావేమయ్యా? భోంచేసినప్పటినుంచి దీనిమీదే దొర్లుతున్నాను. దబ్బనం ఉంటే ఈపాటికి నాకు పరిచయమయ్యేది."

"మీరు ఒక పక్కే పడుకుంటారు కదా సార్" అన్నాడు మామయ్య నెమ్మదిగా.

 గోడవైపు సగం నలగకుండా, కుట్టిన మడత కుట్టినట్టే ఉంది. మాస్టారు చేతికర్ర వెతుక్కుని లేచి కుర్చీలో కూర్చున్నారు. బామ్మ రెండో పక్క చెయ్యి వేసి చూసి, "ఇటు ఇంత మెత్తగా ఉందేం నాయనా? అటు గట్టిగా ఉంది" అంది.

"ఆవిడకి మెత్తగా ఉండాలి, నాకు గట్టిగా ఉండాలి. పెళ్ళైన కొత్తలో దీనిమీద పోట్లాడుకునేవాళ్ళం. ఒకే పరుపులో రెండూ కుట్టిపెట్టింది ఈయనే. ఆవిడ పోయాక కూడా అలాగే కుడుతున్నాడు. నేను కుట్టమనలేదు, వద్దనలేదు" అన్నారు మాస్టారు.

బామ్మ ఆ చోటునుంచి చెయ్యి నెమ్మదిగా తీసేసింది. మామయ్య మెత్తనివైపు మరీ జాగ్రత్తగా తడిమాడు. లేదు. గట్టివైపూ లేదు.

మాస్టారి ఇంట్లో సూది లేదంటే అది ఎక్కడుందో ఇంక వేరే చెప్పక్కర్లేదు. ఏ ఇంట్లో అయితే ఉండకూడదనుకున్నామో ఆ ఇల్లే మిగిలింది. మళ్ళీ బండెక్కాం. దీపాలు ఇంకా పెట్టలేదు, వీధి నీలంగా ఉంది.

బామ్మ నా పక్కన చెక్కమీద ముడుచుకు కూర్చుంది. ఎక్కడ పెట్టావని ఆ పిల్లను అప్పటికి అందరూ అడిగేశారు. మళ్ళీ అది అడిగి లాభం లేదనిపించింది.

"మధ్యలో నిన్నెవరైనా పిలిచారా?" అన్నాను.

బామ్మ తల ఎత్తింది. "పిలిచారు. ఒక పెద్దావిడ, తెల్లచీర. గుమ్మంలో నిలబడి, అమ్మాయ్, పరుపు అయిందా అంది. అయిపోవచ్చింది తల్లీ అని లేచాను."

తెల్లచీర నర్సమ్మగారే.

"లేచేటప్పుడు సూది ఏం చేశావు?"

"మా పెద్దావిడ ఒకటి చెప్పేది. కుట్టు మధ్యలో లేవాల్సివస్తే సూది నేలమీద పెట్టకు, ఎవరికాల్లోనన్నా దిగుతుంది, కుడుతున్నదాంట్లోకే బెజ్జందాకా దూర్చెయ్యి అని." అక్కడ ఆగి నావైపు తిరిగింది. "దూర్చేశాను. అంచులోకి. పొడుగునా. నీలం చారలది."

ఆ అంచుమీదే మామయ్య హడావుడిగా పైకుట్టు వేసేశాడు. అంచు ఎలాగూ గట్టిగానే ఉంటుంది, అరచేతికి తెలియలేదు.

ముందు కూర్చున్న మామయ్య అంతా విన్నాడు. వెనక్కి తిరగలేదు. "తొందరగా పోనీ" అన్నాడు బావమరిదితో. అప్పటికే బండి పోవాల్సినంత వేగంగా పోతోంది.

నర్సమ్మగారి గుమ్మంలో అత్తయ్య లేదు. తాళం లేదు. తలుపులు బార్లా తీసి ఉన్నాయి, లోపల దీపం వెలుగుతోంది. మామయ్య బండి ఆగకముందే దూకాడు. ఆ వయసులో ఆయన దూకడం నేను మొదటిసారి చూశాను.

ముందుగదిలో కుర్చీమీద అత్తయ్య కూర్చుని ఉంది. ఒళ్ళో గుడ్డల్లో చుట్టిన పసిగుడ్డు. ఎదురు కుర్చీలో బాలింత, కళ్ళు వాలిపోతున్నాయి. నర్సమ్మగారు నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఇంక ఇచ్చెయ్యమ్మా. పసిది అలిసిపోయింది. తల్లికి నడుం పడిపోతోంది. వచ్చినప్పటినుంచి ఇవ్వవు, బాలింతని లేవనివ్వవు, ఏమిటిది?"

"ఇంకాస్సేపు వదినా. ఎంత ముద్దుగా ఉందో. అచ్చం నీ ముక్కే" అంటోంది అత్తయ్య. మామయ్యను చూసి ఆవిడ భుజాలు ఒక్కసారి కిందికి దిగాయి. సంగతి ఆవిడ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి వచ్చేదాకా పసిదాన్ని ఒళ్ళోంచి దించకుండా, వచ్చిన ఉపాయమల్లా చేసింది. తరవాత చెప్పింది నాకు, "చివరికి పాట కూడా పాడాను వదినా, నా గొంతుకి ఆ పసిది ఏడవకపోవడం దాని మంచితనం" అని.

"అమ్మా, మీ పరుపులో దబ్బనం ఉండిపోయింది. నా పొరపాటే. తీసిస్తాను" అన్నాడు మామయ్య.

నర్సమ్మగారు ఆయన్ను చూసింది, బామ్మను చూసింది, అత్తయ్య ఒళ్ళోకి చూసింది. అంతసేపటి ముద్దుకు అర్థం ఆవిడకు అప్పుడు తెలిసింది. గది తలుపు తోసి పక్కకు జరిగింది.

బామ్మ మంచం పక్కన మోకాళ్ళమీద కూర్చుని అంచు పట్టుకుంది. తలవైపునుంచి వేళ్ళతో నొక్కుకుంటూ వచ్చింది. ఒకచోట ఆగి, "ఇదిగో నాయనా" అంది.  మామయ్య అక్కడ కుట్టు తెంపాడు. రెండువేళ్ళు లోపలికి పోనిచ్చి లాగాడు. దబ్బనం బయటికి వచ్చింది, చివర కాస్త దారం కూడా ఉంది. బాలింత తల పెట్టుకునే చోటుకి జానెడు దూరం.

గదిలో అందరం ఒకేసారి ఊపిరి వదిలాం. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. బావమరిది గోడకు జారగిలబడి చొక్కాతో మొహం తుడుచుకున్నాడు. బామ్మ నేలమీదే కూర్చుని ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది.

నర్సమ్మగారు దబ్బనం తీసుకుని దీపం దగ్గర పెట్టి చూసింది. జీవితమంతా సూదులు పట్టుకున్న మనిషి. "ఇంకేమన్నా ఉందా ఇందులో?"

"లేదమ్మా. దూదే."

"నువ్వు అంటే సరిపోదు. పడుకుని చూపించు."

మామయ్య కంగారుపడ్డాడు. "నేనా? జనం పరుపుమీద నేను..."

"నా మనవరాలు పడుకునే ముందు నువ్వు పడుకోవాలి. ఈ చివరినుంచి ఆ చివరిదాకా దొర్లు. అప్పుడు నమ్ముతాను."

"పడుకోండి, ఇదే అవకాశం" అంది అత్తయ్య ముందుగదిలోంచి.

ఆయన పెరట్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కుని, తుడుచుకుని వచ్చాడు. మంచం అంచున కూర్చుని, ఎవరో తిడతారన్నట్టు అందరివంకా ఒకసారి చూసి, నడుం వాల్చాడు. ఒకవైపు దొర్లాడు. రెండోవైపు దొర్లాడు. బోర్లా తిరిగి చెంప ఆనించి చూశాడు. మళ్ళీ వెల్లకిలా తిరిగి, చేతులు రెండుపక్కలా చాపి, కుట్టేటప్పుడు మూసుకున్నట్టే కళ్ళు మూసుకున్నాడు.

మేం చూస్తూ నిలబడ్డాం. ఇంక లేస్తాడని చూస్తున్నాం. ఆయన ఛాతీ నెమ్మదిగా పైకి లేచింది, నెమ్మదిగా దిగింది. నోరు కొద్దిగా తెరుచుకుంది.

"బావా" అన్నాడు బావమరిది.

"లేపకు నాయనా. బిడ్డ అలిసిపోయాడు" అంది బామ్మ.

బాలింత తలుపు పట్టుకుని చూసి నవ్వింది. అత్తయ్య పసిదానితో లోపలికి వచ్చి, మొగుడి మొహంవంక చాలాసేపు చూసింది. ఆయన మెత్తటి పక్కమీద నిద్రపోవడం ఆవిడ ఎప్పుడైనా చూసిందో లేదో నేనడగలేదు.

నర్సమ్మగారు దబ్బనాన్ని ఒక గుడ్డపీలికలో చుట్టి నా చేతికిచ్చింది. "ఆయన లేచాక ఇవ్వండి. తెగిన కుట్టు రేపొచ్చి వేస్తాడు." అత్తయ్య చేతుల్లోంచి మనవరాలిని అందుకుంది. మంచానికి ఆ చివర, గోడవైపు, చిన్న బొంతమీద పడుకోబెట్టింది. పసిది ఒకసారి పిడికిలి విప్పి మళ్ళీ ముడిచింది. తరవాత ఆవిడ కూతురికోసం పక్కగదిలోంచి పాత పరుపు తెచ్చి నేలమీద పరిచింది. దీపం తగ్గించి, మా అందరినీ ముందుగదిలోకి వెళ్ళమని చేత్తో సైగ చేసింది.